సీలు వేసిన కవరులో నాలుగు ముడులు

కొత్తగా కాలేజీల్లో లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు కూర్చుని, మెల్లగా అసలు సంగతి అడుగుతారు. "సార్, పరీక్షల్లో నకల్ కొట్టేవాణ్ని మొహం చూసి పట్టేసేవారట కదా, ఎలా?" అని. ఒకప్పుడైతే మీసం సవరించుకుని గంటసేపు చెప్పేవాణ్ని. చెమట పట్టేవాడి దగ్గర చీటీ ఉండదు, నవ్వేవాడి దగ్గర రెండుంటాయి, దేవుడికి దండం పెట్టుకుని కూర్చునేవాడి సాక్సులు చూడాలి, ఇలాంటివి. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్తాను, వినండి.

తెలుగు సరిహద్దుకు అవతల ఉన్న మా హిందీ రాష్ట్రం అప్పటికి ఇంకా విడిపోలేదు. బస్తర్ అంతా ఒకటే జిల్లా. గీదం నుంచి బస్సులో ఇంకొంత దూరం పోతే మా కాలేజీ. రేకుల కప్పు, ఆరు గదులు, ఒక బోరింగు. చెప్పేది రసాయన శాస్త్రం, కానీ నాకు పేరొచ్చింది మాత్రం నకల్ పట్టడంలో. యూనివర్సిటీ పరీక్షలొస్తే సూపరింటెండెంటు ఎవరని అడగాల్సిన పనే లేదు, నేనే. నా కళ్లద్దాలు గుమ్మంలో మెరిస్తే చాలు, చీటీలు వాటంతటవే కిటికీలోంచి ఎగిరిపోతాయని పిల్లలు చెప్పుకునేవాళ్లు. నాకు పట్టరాని గర్వంగా ఉండేది.

ఆ ఏడాది మైదానం జిల్లాల నుంచి మనస్తత్వశాస్త్రం లెక్చరర్ ఒకాయన బదిలీ మీద వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, జేబులో మూడు రంగుల పెన్నులతో ఉండేవాడు. పీహెచ్‌డీ చేస్తున్నాడు. విషయమేంటంటే, డిగ్రీ విద్యార్థుల వ్యక్తిత్వ లక్షణాలకూ నకల్‌కూ ఉన్న సంబంధం. అరవై ప్రశ్నల ఫారం అచ్చు వేయించుకొచ్చాడు. హాల్ టికెట్ తీసుకునే ప్రతివాడూ అది నింపాలి. దాన్నిబట్టి ఎవడు కాపీ కొడతాడో పరీక్షకు ముందే చెప్పేస్తానన్నాడు.

"నేను మొహం చూసి చెప్తాను, మీరు కాగితం చూసి చెప్పండి. ఎవరు గెలుస్తారో చూద్దాం" అన్నాను.

"వ్యక్తిగతంగా తీసుకోకండి. పోలిక కోసం సిబ్బంది చేత కూడా నింపిస్తున్నాను" అని నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. హిందీలో ఉన్న ఆ ఫారాన్ని ఎంతో శ్రద్ధగా, ఒక్క కొట్టివేత లేకుండా నింపి ఇచ్చాను.

ఇక పిల్లల సంగతి చూడాలి. హాల్ టికెట్లిచ్చే బల్ల దగ్గర ఫారాలు పంచేది మా ప్యూను. యాభై దాటిన మనిషి. హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ, తెలుగు, కొంచెం ఒడియా, ఏ భాషవాడొచ్చినా ఆ భాషలోనే తిట్టగలడు. ఆ బల్ల దగ్గర నేను విన్న మాటలు కొన్ని ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను.

"చీకట్లో ఒంటరిగా నడవడానికి భయపడతారా?" అన్నది ఒక ప్రశ్న. అవునంటే పిరికివాడని లెక్క. బాసగూడ వైపు కుర్రవాడొకడు కలం ఎత్తి అడిగాడు, "ఇప్పపూలు రాలే కాలం సార్. చీకట్ల ఎలుగుబంటి తిరుగుతది. భయపడకపోతే వాడు పిచ్చోడు గదా. ఏది రాయాలె?"

"అడగకుండా ఇతరుల వస్తువు ఎప్పుడైనా తీసుకున్నారా?" అన్నది ఇంకొకటి. "అడవిల కట్టెలు మావా, ఫారెస్టోళ్లవా, అది తేల్చి చెప్పున్రి. అప్పుడు రాస్త" అన్నాడు వాడి పక్కవాడు. మనస్తత్వం సారు మూడు రంగుల పెన్నులూ తీసి చూసుకున్నాడు గాని, దేనితో ఏం రాయాలో ఆయనకూ తెలియలేదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న పామేడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. దోర్ల తెగ రైతు ఇంటి పిల్ల. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ. ఆశ్రమ పాఠశాలలో తాత్కాలికంగా చిన్నపిల్లలకు పాఠాలు చెప్తూ, ప్రైవేటుగా బీఏ చివరి ఏడాది రాస్తోంది. పాసైతే ఆ ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే వచ్చే ఏడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ప్యూను చెప్తే ఇవన్నీ నాకు తెలిశాయి. "కొత్తవారితో ముందుగా మీరే మాట కలుపుతారా?" అన్న ప్రశ్న దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయి, ప్యూను వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"ఏ భాషల కాకా?"

ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. చివరికి ఆమె హిందీలో తనంతట తానే నింపి ఇచ్చింది. అదే సమయానికి ప్యూను చేతిలో చాయ్ గ్లాసు ఒలికి ఆ ఫారం తడిసిపోయింది. "అయ్యో, ఇంకోటి నింపాలె బిడ్డా" అని ఈసారి తనే ఒక్కో ప్రశ్న తెలుగులో చదివాడు, ఆమె తెలుగులో జవాబిచ్చింది. సాయంత్రానికి తడిసిన ఫారం కూడా ఆరింది. మనస్తత్వం సారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి అదిరిపోయాడు. హిందీ ఫారంలో ఆమె నోట్లో నాలుక లేని పిల్ల. నలుగురిలో మాట్లాడదు, ఎవరేమన్నా ఊరుకుంటుంది. తెలుగు ఫారంలో తగువుకొస్తే వదలదు, బేరంలో ఓడదు, పదిమందిని వెంటేసుకుని నడుస్తుంది.

"ఒకే మనిషి, ఒకే రోజు, ఇన్ని పరస్పర విరుద్ధ జవాబులు! అబద్ధాల లెక్కలో కేంద్రం మొత్తానికి ఈమే మొదటిది" అన్నాడు.

నాకూ అనుమానంగానే అనిపించింది. ఆమె మొహం వంచుకుని కూర్చునే తీరు నాకు ముందే నచ్చలేదు. కాగితమూ, నా కళ్లూ మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చాయి. నా బల్లకు ఎదురుగా మొదటి బెంచీ మీద ఆమెకు సీటు వేశాం.

పరీక్షలు సగం దాటాయి. ఆమె ఒక్కసారి కూడా పక్కకు చూడలేదు. కానీ గంటకోసారి ఎడమచేయి ఒళ్లోకి పోయేది, అరచేతిలో ఏదో తడిమి చూసుకునేది, పెదాలు కదిలేవి, మళ్లీ రాసేది. నేను నాలుగు రోజులు ఓపిక పట్టాను. అయిదో రోజున ఉడన్ దస్తా, అంటే యూనివర్సిటీ తనిఖీ బృందం, జీపులో దిగింది. దాని పెద్దాయన కొత్తగా వచ్చినవాడు. బస్తర్ గురించి బయలుదేరే ముందు బంధువులు చెప్పిన మంత్రాల కథలన్నీ నమ్మేసి, మా బోరింగు నీళ్లు కూడా తాగకుండా సొంత సీసా పట్టుకుని తిరిగే రకం. లోపలికొస్తూనే "ఏమైనా ఉందా?" అన్నట్టు నా వైపు చూశాడు.

చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. గడ్డం ఆ అమ్మాయి వైపు ఊపాను. నా పేరు నిలబెట్టుకోవాలన్న యావ అది.

ఆయన వెళ్లి చేయి తెరవమన్నాడు. తెరిచింది. అరచేతిలో జానెడు నార తాడు, దానికి వరుసగా నాలుగు ముడులు.

"యే క్యా హై?" అన్నాడాయన. హిందీలో అడిగిన కొద్దీ ఆ అమ్మాయి తల ఇంకా కిందికి దిగింది.

తాడు చూడగానే రెండడుగులు ముందుకు వేశాను. అదేమిటో నాకు తెలుసు. మా సరిహద్దు ఊళ్లలో పుట్టిన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పెళ్లికో పండగకో కబురు పంపేటప్పుడు ఒకేలాంటి తాళ్లు రెండు తీసుకుని, ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసి, ఒకటి తమ దగ్గర ఉంచుకుని రెండోది అవతలివాళ్లకు ఇస్తారు. రోజుకొక ముడి అక్కడా ఇక్కడా విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజున కలుసుకుంటారు. ఈ మాటే హిందీలో చెప్పబోయాను.

"ముడుల పరిమాణం గమనించండి. రెండోది కాస్త పెద్దది. రెండో ప్రశ్న పెద్ద ప్రశ్నే కదా!" అన్నాడు పక్కనుంచి మనస్తత్వం సారు, ఒళ్లు తెలియని ఉత్సాహంతో. "సంకేత లిపి! ఆమె అబద్ధాల లెక్క కూడా నా దగ్గరుంది."

ఇక నా మాట ఎవరు వింటారు? "మీరే కదా సైగ చేసింది" అన్నాడు పెద్దాయన. నకల్ కేసు ఫారంలో 'దొరికిన వస్తువు' అన్న చోట "సంకేతాలు గల తాడు, ముడులు నాలుగు" అని సొంత చేత్తో రాశాడు. తాడును కవరులో పెట్టాడు. తన సీలు జీపులో ఎక్కడో పడిపోయిందట, మా కేంద్రం ఇత్తడి సీలు అడిగి లక్క కరిగించి ముద్ర వేయించాడు. ఆఖరి పరీక్ష రోజున వచ్చి ఫారమూ కవరూ తీసుకుపోతానని, అందాకా అమ్మాయిని రాయనిమ్మని చెప్పి వెళ్లిపోయాడు. కేసు యూనివర్సిటీకి చేరిందంటే మూడేళ్లపాటు ఆమె పరీక్ష గుమ్మం తొక్కకూడదు. ఇక ఉద్యోగం మాట ఎత్తే పనే లేదు.

మర్నాడు ఆమె వచ్చింది, కూర్చుంది, గంటసేపు ఒక్క అక్షరం రాయలేదు. దగ్గరికి వెళ్లి మెల్లగా తెలుగులో అడిగాను.

"ఏమ్మా, రావడం లేదా?"

తల ఎత్తింది. ఆ క్షణం దాకా ఆ అమ్మాయి కళ్లు నేను సరిగా చూడనే లేదు.

"రాకపోవుడేంది సార్? అంతా వస్తది. నిన్నటి ముడి విప్పలే. మనసు అండ్లనే పడ్డది. అక్కడ మా అన్న విప్పుతుంటడు, ఇక్కడ ముడి ముడి లెక్కనే ఉన్నది. మా అవ్వ కట్టి ఇచ్చింది. తాడు రెండు దిక్కుల ఒక్కతీరు నడవాలె గదా."

"రోజులే కదా, గోడ మీద క్యాలెండరుంది, చూసి లెక్కపెట్టుకో."

"క్యాలెండరు సర్కారుది. మా అవ్వకు, మా అన్నకు క్యాలెండరు తోటి ఏం పని? నిన్న మీరే గదా సైగ చేసిన్రు? నేను చూడలేదనుకున్నరా? మీరు తెలుగోళ్లు, మీకు తెలువదా ఆ తాడేందో?"

తెలుగు ఫారం నిజమే చెప్పిందని ఒప్పుకోక తప్పలేదు. వెనక బెంచీల నుంచి నలభై జతల కళ్లు నా మీదే ఉన్నాయి. నాకు మొహం చెల్లలేదు.

"ఇప్పుడేం చేయమంటావు బిడ్డా?"

"ఎవరు విప్పినా సరే. విప్పినట్టు నాకు తెలవాలె. అంతే."

అంతే అంటే అంత తేలికా? సీలు పగలగొట్టడమంటే నా నౌకరీ నేనే పగలగొట్టుకోవడం. ఎంతమంది పిల్లల కేసులు రాశాను నేను! చిన్న చీటీ ముక్కకు కూడా ఎవర్నీ వదల్లేదు. అయిదు నిమిషాలు వరండాలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత ప్యూనుని పిలిచాను.

"లక్క ఉందా?"

"ఎంత గావాలె సార్?" అన్నాడే గాని, ఎందుకని అడగలేదు.

ప్రశ్నపత్రాలు దాచే గదిలో తలుపేసుకుని కవరు విప్పాం. నిన్నటిదొకటి, ఇవాళ్టిదొకటి, రెండు ముడులు విప్పాను. నార ముడి విప్పడం మాటలు కాదు, గోరు విరిగింది. మళ్లీ కవరులో పెట్టి, లక్క కరిగించి, మా సీలే కాబట్టి నిశ్చింతగా ముద్ర వేశాం. హాల్లోకి వచ్చి మొదటి బెంచీ ఎదురుగా నిలబడి, ఎవరూ చూడడం లేదని తేల్చుకుని, రెండు వేళ్లు చూపించాను.

ఆమె వెంటనే కలం పట్టుకుంది. ఇక గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

చూడకూడనివాడు చూడనే చూశాడు. మనస్తత్వం సారు నా దగ్గరికొచ్చి, "మీరు ఆమెకు రెండు వేళ్లు చూపించారు" అన్నాడు గొంతు తగ్గించి.

"గోరు విరిగింది. నొప్పి" అన్నాను. నిజంగానే విరిగింది కాబట్టి చూపించాను కూడా. ఆయన జాలిపడి టించరు తెచ్చి రాశాడు. పరీక్ష హాల్లో వేళ్లతో సైగలు చేసినందుకు ఎందరో కుర్రవాళ్లను బయటికి పంపిన నేను ఆ టించరు మంటను నోరు మూసుకుని భరించాను.

మర్నాడు పరీక్ష లేదు. అయినా ఆ అమ్మాయి వచ్చి గేటు బయట నిలబడింది. నేను ఆ గదిలోకి వెళ్లొచ్చి, వరండాలోంచి ఒక వేలు చూపించాను. వెళ్లిపోయింది. "సార్, లక్క సగం అయిపోయింది. ఇంక మీరు నకల్ చేసుడు తగ్గించాలె" అన్నాడు ప్యూను.

ఆఖరి రోజు వచ్చింది. పరీక్ష అయిపోయింది. ఆఖరి ముడి మిగతావాటిలా కాదు, బిగదీసుకుని కూర్చుంది. పళ్లతో లాగాను. అది ఊడి, సీలు వేసి, ఊపిరి తీసుకునే లోపల జీపు చప్పుడు వినిపించింది. కవరు మీద లక్క ఇంకా మెత్తగానే ఉంది.

పెద్దాయన కవరు అందుకున్నాడు. బొటనవేలు లక్కకు అతుక్కుంది.

"ఇదేంటి, వెచ్చగా ఉంది?"

"ఏప్రిల్ ఎండలు సార్. ఇక్కడ రేకుల కింద అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నాను.

"పంపే ముందు సరిచూసుకోవాలి" అంటూ ఆయన సీలు చూసుకుని, తృప్తిపడి, కవరు చింపాడు. తాడు బల్ల మీద పడింది. నున్నగా ఉంది.

పెద్దాయన వంగి దాన్ని చూశాడు. ఫారం తీసి చదువుకున్నాడు, ముడులు నాలుగు. తాడు వైపు చూశాడు. మళ్లీ ఫారం చదివాడు.

"ముడులేవి?"

"సీలు మీ చేత్తోనే తీశారు కదా సార్" అన్నాను. జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది అదే. చూస్తే అందులో అబద్ధం మాట ఒక్కటీ లేదు.

అప్పుడే గేటు దగ్గర ఎవరో పిలిచారు. ఆ అమ్మాయి వెళ్లి వాళ్ల అన్నను మా బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. పామేడు నుంచి రెండు రోజులు నడిచి, బస్సెక్కి, చెప్పిన రోజుకు చెప్పిన చోటికి వచ్చాడు. చేతిలో జానెడు నార తాడు ఉంది. దానికీ ఒక్క ముడి లేదు.

పెద్దాయన ఆ తాడు చూశాడు, ఈ తాడు చూశాడు. మొహంలో రంగు మారింది. "దానంతటదే ఎలా విడిపోయింది?" అని అడిగాడు, మమ్మల్ని కాదు, గాలిని అడిగినట్టు.

మా ప్యూను ఒకడుగు ముందుకు వేశాడు. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, స్వచ్ఛమైన హిందీలో జవాబిచ్చాడు. "జోడు తాళ్లు సాబ్. ఒక చోట విప్పితే రెండో చోట విడిపోతాయి. సీలు వేసినా, పెట్టెలో పెట్టినా ఆగవు. మధ్యలో ఎవరైనా పట్టుకుంటే..." అని ఆపేశాడు.

"పట్టుకుంటే?"

"ఏం కాదులెండి సాబ్. కొందరికి ఏమీ కాలేదు."

పెద్దాయన తన బొటనవేలు చూసుకున్నాడు. లక్క ఇంకా ఎర్రగా అంటుకునే ఉంది. ఫారాన్ని నాలుగు ముక్కలు చేశాడు. నాలుగు ముడులని రాసి, ముడి లేని తాడు పంపితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే కదా, ఆ భయం కూడా కొంత ఉండే ఉంటుంది. తాడును పెన్సిల్‌తో పక్కకు నెట్టి, "ఇది వాళ్లకిచ్చేయండి" అని జీపెక్కాడు. సొంత నీళ్ల సీసా మా బల్ల మీదే మరిచిపోయాడు.

ఆ అమ్మాయి తాడు తీసుకుని అన్న తాడుతో కలిపి ఒక్కటిగా మెలిపెట్టింది. నా వైపు చూసి, "మీ గోరు ఎట్లున్నది సార్?" అని మాత్రం అంది. అన్నాచెల్లెళ్లు బస్సు కోసం నడిచి వెళ్తుంటే వరండాలో నిలబడి కనపడేంతసేపూ చూశాను. కళ్లు తడిశాయి. ఎండ వల్ల అని ప్యూనుకు చెప్పాను. రెండో శ్రేణిలో పాసైందని, ఉద్యోగం నిలిచిందని జూన్‌లో తెలిసింది.

ఫలితాలు వచ్చిన వారంలోనే మనస్తత్వం సారు తన లెక్కలన్నీ తేల్చుకుని స్టాఫ్ రూముకి వచ్చాడు. మనిషి డీలా పడిపోయి ఉన్నాడు. కాపీ కొడతారన్నవాళ్లు కొట్టలేదట, కొట్టరన్నవాళ్లలో ముగ్గురు దొరికారట. "ఒక్కటి మాత్రం నూటికి నూరుపాళ్లు సరిపోయింది" అంటూ ఒక కాగితం నా ముందు పెట్టాడు. నేను నింపిన ఫారం. కింద ఎర్ర పెన్నుతో రాసుంది: "ఈ వ్యక్తి ఎట్టి పరిస్థితుల్లోనూ నియమం తప్పడు. నకల్‌కు అవకాశం శూన్యం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాయ్ తెచ్చిన ప్యూను నా భుజం మీదుగా వంగి అది చదివాడు.

"సార్, మీరిది ఏ భాషల నింపిన్రు?"

"హిందీలో."

"అట్లనా? ఇంకోటి నింపాలె" అన్నాడు, గ్లాసులోని చాయ్ తీసుకెళ్లి సరిగ్గా ఆ ఎర్ర సిరా మీద ఒంపుతూ.